శ్యామల కుళ్లు, కువైట్ రూలు

మెట్‌పల్లి పక్కూర్ల బీడీలు చుట్టుకునే శ్యామల, గడప దిగకుండ, పాస్‌పోర్టును చేత్తోని ముట్టకుండ, కువైట్ సర్కారుతోని రూలు మార్పించింది. లాయరు లేడు, లీడరు లేడు. ఉన్నయల్ల రెండు కండ్లు, ఒక నోరు. కుళ్లుకోని ఒక్క మాటన్నది. ఆ మాట మెట్‌పల్లి బస్టాండు దాటింది, హైదరాబాదు దాటింది, సముద్రం మీదికెల్లి పోయి అక్కడి పెద్దసారు బల్ల మీద కూసున్నది. సారు అద్దాలు తుడుసుకోని చూసిండు, సంతకం పెట్టిండు. పెండ్లాన్ని తెచ్చుకునే వీసాకు ఐదు వందల దినార్ల జీతముంటె సాలన్నది పోయి, ఎనిమిది వందలైంది.

నమ్మనోళ్లు ఆ వాడకట్టుకు పోయి అడుగుండ్రి. ఏ ఆడామె అయినా ఒట్టు వెట్టి చెప్తది. కాకపోతే శ్యామల ఇంటి దిక్కు వీపు వెట్టి చెప్తది.

శ్యామలకు కుళ్లు పుట్టుకతోనే వచ్చిందంటరు. బడిల పక్కపిల్ల జడ చూసి వారం రోజులు అన్నం సరిగ తినలేదట, ఆ వారంల ఆ పిల్ల జడ మూరెడు కురచైందట. పక్కింటోళ్ల బర్రె బిందెడు పాలిస్తుందని విని "అబ్బో" అన్నదట, తెల్లారి పిండవోతే ఎండిన బోరింగు లెక్క ఒట్టి గాలే వచ్చిందట. మెట్‌పల్లి డిపోల కొత్త బస్సును చూసి "మంచిగున్నదే" అంటె, ఒక్కపారే మూడు టైర్లు కూసున్నయట. మిగిలిన మూడు ఎందుకు కూసోలేదని అడిగితె, అవి అవతలి దిక్కున్నయి, ఆమెకు కనవడలే అంటరు.

గివన్ని నవ్వుకునే మాటలు. నిజంగ ఆమె కడుపుల మండేది ఒక్కటే, కువైట్.

పెండ్లయిన ఏడాదికే మొగడు కరుణాకర్ ఆ దేశం పోయి కంపెనీల డ్రైవరైండు. రెండేండ్లకోపారి వస్తడు, రెండు నెలలుంటడు. అందుల సగం చుట్టాలకు పోతది, సగం సూట్‌కేసు సదురుకునుడుకు పోతది. ఇంటికొచ్చి ఫ్యాను కింద కూసోని "అబ్బ, ఏం ఉక్కపోత" అని చెమట తుడుసుకుంటె, ఆ చెమటను చూసి కూడ శ్యామలకు కుళ్లే. అక్కడి సల్లదనం ఈయనకు తెలుసు, నాకు తెల్వదు గదా అని.

"నన్నెప్పుడు తీస్కపోతవ్?" అని అడిగితె ఆయనది ఒకటే జవాబు.

"పెండ్లాన్ని తెచ్చుకోవాల్నంటె జీతం ఇంతుండాలని అక్కడ రూలున్నది శ్యామలా. నాది అందుతలేదు."

ఆయన జీతం జర పెరిగినప్పుడల్ల ఆ రూలు కూడ పెరిగేది. కదిలిన బస్సు వెంట ఉరుకుతున్నోని లెక్క ఉన్నది ఆయన పని. ఉరికి ఉరికి ఆయనకు నెత్తి నెరిసింది. బీడీలు చుట్టి చుట్టి ఈమెకు ఏలి కొసలు నల్లవడ్డయి.

అట్లాంటి ఇంట్లకు సృజన కోడలుగ వచ్చింది.

సృజన శ్యామలకు యారాలు, అంటె మరిది శ్రావణ్ పెండ్లాం. శ్రావణ్ కూడ కువైట్‌లనే, ఏసీలు బాగుచేసే పనిల చేరి సూపర్‌వైజరైండు. జీతం ఐదు వందలు దాటింది. అప్పటికి అక్కడ ఫ్యామిలీ వీసాలు ఆపేసి ఉండిరి. రేపో మాపో తెరుస్తరని అందరు ఎదురుచూస్తుండిరి. తెరిస్తే మొట్టమొదలు విమానం ఎక్కేది తనేనని సృజన రెండు సూట్‌కేసులు కొన్నది. ఒకటి ఎర్రది, ఒకటి నీలిది. అవి తెచ్చి సరిగ్గ శ్యామల బీడీల చాట ముంగట వెట్టింది. పిల్ల మనసుల ఏం లేదు, జాగ లేక వెట్టింది. కానీ శ్యామల ఆకు కత్తిరించి తలెత్తినప్పుడల్ల ఎర్ర సూట్‌కేసు ఆమెను చూసి పండ్లికిలించినట్టే ఉండె.

ఇన్నేండ్ల సంది ఎదురుచూసేది నేను, నిన్న మొన్న వచ్చిన పిల్ల ఎక్కేది విమానమా? తంబాకు కన్న ఘాటైన ఆ మాట గొంతుల అడ్డం వడి అటు దిగకపాయె, ఇటు రాకపాయె.

ఆ ఊర్లల్ల ఎవలన్న గల్ఫ్ పోతున్నరంటె వాడకట్టు ఆడోళ్లందరు కూడి సకినాలు చుట్టాలె. సకినాలు లేని సూట్‌కేసును విమానమోళ్లు ఎక్కనియ్యరన్నంత పట్టుదల. ఆ పనిల శ్యామలను మించినామె లేదు. ఆమె చుట్టిన సకినం గుండ్రం చూస్తె కంపాసుపెట్టె సిగ్గువడాలె. అందుకని అత్త సత్తవ్వ ఆమెనే పిలిచింది.

"శ్యామలా, వీసాలు తెరిచేటట్టున్నరట. పిండి తడిపిన. జర చెయ్యి వెయ్యి బిడ్డా."

శ్యామల వచ్చి కూసున్నది. ముందురోజు కరుణాకర్‌తోని చాలసేపు ఫోన్ మాట్లాడింది. అప్పటిసంది ఆమె మొఖంల కొత్త కళ ఉండె, ఎందుకో ఎవలకు తెల్వది. తెల్లబట్ట పరిచి, నువ్వులు వాము కలిపిన పిండి తీస్కోని చుట్టవట్టింది. తన మొగనికి ఎన్నిపార్లు చుట్టి పంపిందో. గిప్పుడు ఈ పిల్ల వాటిని మొగని పక్కన కూసోని తింటది.

"అక్కా, అక్కడ ఎండకాలం గూడ దుప్పటి కప్పుకోని పండుకుంటరట," అన్నది సృజన.

"గట్లనా? అత్త కుట్టిన బొంత తీస్కపో మరి. కువైటోళ్లు గూడ చూస్తరు."

"మాల్‌ల తిరిగితె కాళ్లు నొయ్యకుండ నడిచే మెట్లుంటయట."

"ఇంకేం. ఇంట్ల గూడ నడువకు. నిన్నే నడిపిస్తయి."

పక్కింటి యాదవ్వ ఒక సకినాన్ని ఏలితోని తట్టి నవ్వింది. "గింత బిగిచ్చి చుట్టినవేందే శ్యామలా? తినాల్నంటె గడ్డపార తేవాలె."

అందరు నవ్విండ్రు. సృజన నవ్వుకుంటనే అన్నది, "ఐదు వందల జీతముంటె సాలట అక్కా. ఆయనకు ఐదు వందల ఇరవై వస్తున్నయి. అంతా దేవుని దయ."

అప్పుడు జారింది శ్యామల నోరు.

"ఐదు వందలేంది, ఎనిమిది వందలు వెడితె తెలుస్తుండె ఎవని దయనో."

పిండి చేతులు ఎక్కడియక్కడ ఆగినయి. సత్తవ్వ "థూ, గవేం మాటలే" అని కసిరింది. మళ్ల ఎవలో నవ్వు మాట ఎత్తుకున్నరు, సకినాలు నూనెల వడ్డయి.

రెండు రోజులకు మెట్‌పల్లిల గల్ఫ్ వీసాల ఏజెంటు పని చేసే పర్శరాములు బండేసుకోని వచ్చిండు. దూరంకెల్లే కేకేసిండు, "వీసాలు తెరిచిండ్రు!" సృజన తడిచేతులతోనే బయటికి ఉరికింది. పర్శరాములు బండి స్టాండు వేసిండు, చెమట తుడుసుకున్నడు, నేలచూపులు చూసిండు.

"తెరిచిండ్రు గనీ జీతం ఎనిమిది వందలుండాల్నట. పైంగ డిగ్రీ గూడ అడుగుతుండ్రట."

సృజన అక్కడనే కూలవడ్డది. శ్రావణ్‌ది ఐటీఐ. ఐదు వందల ఇరవైకి, ఎనిమిది వందలకు నడుమ ఉన్నది ఆ పిల్లకు కువైట్ సముద్రం కన్న పెద్దగ కనవడ్డది. యాదవ్వ నోటికి కొంగు అడ్డం వెట్టుకున్నది. కొంగు మీదికెల్లి ఆమె కండ్లు మెల్లగ శ్యామల దిక్కు తిరిగినయి.

సత్తవ్వ అటక మీది పాత డబ్బలకెల్లి ఎండుమిరపకాయలు, ఉప్పు తీసి, సృజన సుట్టు తిప్పి పొయ్యిల వేసింది. దిష్టి లేకపోతే మిరపకాయల ఘాటుకు ఇల్లంత దగ్గాలె. ఎవ్వలు దగ్గలే. ఒక్క తుమ్ము రాలే. పొగ గూడ సప్పగ పైకి పోయింది.

"దిష్టే," అన్నది సత్తవ్వ. "అదీ మామూలు దిష్టి గాదు."

శ్యామల లోపలికి పోయి తలుపు దగ్గరికేసుకున్నది. మొదలు సంబురం పొంగింది, అబద్ధమెందుకు. నేను పోలే, ఇది గూడ పోదు, ఇద్దరం ఒక్క గడప మీదనే ఉంటం. సూట్‌కేసు కోసం పక్కన వెట్టిన సకినం ఒకటి తీసి కరకర నమిలింది. అంత కమ్మటి సకినం ఆమె పుట్టి బుద్ధెరిగిన కాడికెల్లి తినలే.

ఆనాటిసంది శ్యామల కథే మారింది. పాస్‌పోర్టులున్నోళ్లు వాటిని బియ్యం డబ్బల అడుగుకు దాచిండ్రు. దుబాయి పోయే పిలగాండ్లు ఆమె ఇంటి ముంగట పోవాల్సొస్తదని, పొలాల మీదికెల్లి సుట్టు తిరిగి పోయిండ్రు. ఒకడైతే విమానం దాక నెత్తి మీద నిమ్మకాయ వెట్టుకోనే పోయిండట. పర్శరాములు ఆమె ఎదురైతె బండి దిగి, "వదినె, నీకు దండం, మా ఆఫీసు దిక్కు మాత్రం చూడకు" అనేటోడు. బీడీల కార్ఖానల ఎప్పుడు సగం కట్టలు బాగలేవని పక్కకు వడేసే గుమాస్తా ఆమె కట్టలను ముట్టకుండనే, "అన్నీ ఫస్టున్నయి శ్యామలక్క" అనవట్టిండు.

శ్యామల ఎన్నడు కాదనలే, అవుననలే. కండ్లు జర పెద్దగ చేసి చూసేది, అంతే.

ఒక్క సృజన మాత్రం ఆమె దిక్కు చూసుడు మానేసింది. ఎర్ర సూట్‌కేసుల పాత బట్టలు కుక్కి మంచం కిందికి తోసింది. ఒకనాడు ఆ పిల్ల ఫోన్ల మొగనితోని అంటుంటె శ్యామలకు వినవడ్డది. "అక్కను చూస్తె భయమైతుంది. ఇన్నేండ్లు ఆమె ఎట్ల ఉన్నదో, అది తలుచుకుంటె ఇంకింత భయమైతుంది."

శ్యామల చేతిల ఆకు అడ్డంగ చినిగింది.

మొన్న వానకాలంల పర్శరాములు మళ్ల వచ్చిండు. ఈసారి బండి దూరంగనే ఆపి, మెల్లగ చెప్పిండు. పెండ్లాన్ని కొన్ని నెలలు ఉంచుకోని పంపేటట్టు పిలిపించుకునే విజిట్ వీసాకు జీతం రూలు తీసేసిండ్రట. ఎవలైన తీస్కపోవచ్చట.

ఆ పొద్దు శ్యామల బీడీ ఒక్కటి చుట్టలే. కరుణాకర్ ఫోన్ కోసం చూసింది. ఫోనొచ్చింది.

"రూలు పోయింది గనీ శ్యామలా, నేనుండేది కంపెనీ రూముల. తొమ్మిది మందిమి. మంచం మీద మంచం. నిన్నెక్కడుంచాలె? బయట రూము కిరాయికి నా జీతం సాలది."

"మరి ఏసీ?"

"ఉన్నది. అది గూడ తొమ్మిది మందిది."

శ్రావణ్‌కు వేరే రూము ఉన్నది. సృజనకు వీసా వచ్చింది. శ్యామల చాట ముంగటికే ఎర్ర సూట్‌కేసు మళ్ల వచ్చింది. కానీ సృజన టికెట్ తీయనియ్యలే. సత్తవ్వ గూడ పట్టువట్టింది, పెద్దకోడలి నోటికెల్లి మంచిమాట వచ్చేదాక పిల్ల కదలొద్దని. కదిలితె ఈపారి విమానమే కింద వడ్తదని వాడకట్టంత ఖాయం చేసింది.

మళ్ల తెల్లబట్ట పరిచిండ్రు, మళ్ల పిండి కలిపిండ్రు. ఆడోళ్లు సుట్టు కూసున్నరు గనీ ఎవ్వలు జీతం మాట ఎత్తుతలేరు. సకినాలు ఎన్నైనయో లెక్కవెట్టుకునుడుకు గూడ భయవడుతుండ్రు.

సృజన వచ్చి శ్యామల ఎదురుంగ కూసున్నది. "అక్కా, నువ్వు పో అంటెనే పోత. వద్దంటె సూట్‌కేసు మంచం కింద వెట్టుకుంట."

"ఒక్క మాట అను బిడ్డా," అన్నది సత్తవ్వ. ఆమె గొంతుల అత్తతనం లేదు, బతిమాలుడే ఉన్నది.

శ్యామల సకినం చుట్టుకుంటనే ఉన్నది. వద్దంటె సాలు, ఈ పిల్ల తనతోని ఇక్కడనే ఉంటది. తను చేసిందేం లేదని చెప్తె, రేపటిసంది గుమాస్తా మళ్ల కట్టలు పక్కకు వడేస్తడు, పర్శరాములు బండి దిగడు. ఇన్నేండ్లల కువైట్ నుంచి ఆమెకు సొంతానికి దక్కింది ఊరోళ్లు తనను చూసి పడే ఈ భయం ఒక్కటే. అది గూడ ఈ పిల్ల సూట్‌కేసుల వెట్టి పంపాల్నా? తలెత్తి చూస్తె, ఇంక నల్లవడని సృజన ఏలి కొసలకు తెల్లపిండి.

సకినం కొస అతికి, చెయ్యి దులుపుకోని, శ్యామల అన్నది:

"రూలు నేను మార్చలే. ఎనిమిది వందలు చేస్తరని ఆడ అందరు అనుకుంటుండ్రని మా ఆయన ఆ ముందురోజే ఫోన్ల చెప్పిండు, గదే అన్న. అటక మీది మిరపకాయలు మెత్తవడి ఉండె, అందుకే ఘాటు రాలే. కుళ్లుకున్నది మాత్రం నిజం, గిప్పుడు గూడ కుళ్లుకుంటనే ఉన్న. నువ్వు పో."