మా బాపు నోరు మూయించిన కారు

నా పెళ్లిరోజున నేను నవ్విన నవ్వును మా చుట్టాలు ఇప్పటికీ తిడతారు. పెళ్లికూతురు సిగ్గుపడాలట! బానెట్ కింద తల పెట్టుకున్నదానికి సిగ్గుపడే తీరికెక్కడిది?

తెలంగాణ ఉద్యమం రోజులవి. కాలేజీలు మూతబడ్డాయి, బస్సులు ఒకరోజు నడిస్తే రెండ్రోజులు బంద్. సరిగ్గా నా పెళ్లిరోజే బంద్ పడింది. మాది చేవెళ్ల, పెళ్లి మొయినాబాద్ చర్చిలో, పదకొండింటికి. అది కాగానే పాస్టరు అయ్యగారు సైకిల్ మీద దగ్గర్లోని ప్రొద్దుటూరు అనే పల్లెకు పోయి ఇంకో పెళ్లి చేయాలి. "పదకొండున్నర దాటితే నేనుండ బిడ్డా. మీది మల్ల వారం చూస్కోవాలె" అని ముందే చెప్పేశారు. వచ్చే వారం బంద్ ఉండదని ఎవరు రాసిచ్చారు?

అయినా మాకు ఫికర్ లేదు. బాపు కిరాయికి తిప్పే పాత నల్ల కారు ఉండనే ఉంది. అది నాకంటే వయసులో పెద్దది. అది వస్తుంటే ఊరంతటికీ వినిపించేది, టక టక టక అని. ఇంజిన్ లోపల వాల్వుల్ని తెరిచే టాపెట్లుంటాయి. వాల్వుకూ టాపెట్‌కూ మధ్య అట్టముక్క మందాన సందు ఉండాలి, అందుకే ఆ చప్పుడు. గేజీ అనే కొలత రేకు పెట్టి ఆ సందు సరిచేయడంలో బాపుకు జోడీని నేనే.

మాట ఖాయం చేసుకున్న రోజు, బస్ డిపోలో మెకానిక్‌గా పనిచేసే పెళ్లికొడుకు ఆ చప్పుడు విని తల పక్కకు వంచాడు. అంతే, బాపుకు నామోషీ పట్టుకుంది. "అల్లుని ముంగట గిట్ల టకటకమనుకుంట పోతే ఇజ్జత్ ఏమున్నది?" అని ఒకటే గొణుగుడు. పెళ్లి ముందురోజు నాకు చెప్పకుండా, గేజీ ముట్టకుండా, చప్పుడు ఆగేదాకా టాపెట్లన్నీ బిగించేశాడు. తెలియక కాదు. ఇజ్జత్ ముందు ఆయన తెలివి పనిచేయలేదు.

పొద్దున కారు చడీచప్పుడు లేకుండా కదిలింది. "ఇన్నవా? సప్పుడే లేదు!" అని బాపు మురిసిపోయాడు. నాకెందుకో మనసు కీడు శంకించింది. ఎంకపల్లి బాట దగ్గరి ఎత్తు ఎక్కుతూ కారు దగ్గింది, వణికింది, ఆగిపోయింది.

బాపు దిగి, కారు ముందు నుంచి ఇంజిన్‌కు హ్యాండిల్ తగిలించి తిప్పాడు. ఎప్పుడూ భుజం విరిగేలా ఎదురుతన్నే హ్యాండిల్, చేద కట్టని గిలకలా గిరగిరా తిరిగింది. వేడికి వాల్వులు సాగాయి. సందు లేదు గనక సరిగా మూసుకోవడం లేదు, లోపల ఒత్తిడి నిలవడం లేదు.

"బాపూ, టాపెట్లు బిగించినవా?"

ఆయన తలపాగా సర్దుకున్నాడు.

"గేజీ ఏది?"

"ఇంట్లున్నది."

నాకు ఒళ్లు మండింది. కానీ ఆయన ముఖం చూస్తే నవ్వు ఆగలేదు. అంతలో రోడ్డుకు రాళ్లు అడ్డం పెట్టిన కాలేజీ పిల్లలు "జై తెలంగాణ" అంటూ ఉరికొచ్చారు.

"బంద్ నాడు బండేంది పెద్దాయనా?"

"ఇది గూడ బంద్‌ల కలిసింది, సూడుండ్రి" అన్నాను నేను, తెల్లచీర కొంగు నడుముకు దోపుకుంటూ. వాళ్లూ నవ్వేశారు.

వెనక సీట్లో మిగిలిపోయిన శుభలేఖలున్నాయి. ఒకటి తీసి వేళ్లతో నలిపి చూశాను. మందం అచ్చం గేజీదే! సన్నగా చింపాను. బాపు హ్యాండిల్‌తో ఇంజిన్‌ను కొంచెం కొంచెంగా తిప్పుతుంటే, ఒక్కో వాల్వు మూసుకునే చోట ఆ ముక్క దూర్చి, అది కాస్త పట్టుగా కదిలేదాకా టాపెట్ వదులు చేశాను. ఎనిమిది వాల్వులు. ఆ ముక్క మీద పెళ్లికొడుకు పేరుంది. నాలుగో వాల్వుకే పాపం ఆ పేరు నూనెలో మునిగిపోయింది, నాకు మళ్లీ నవ్వు.

"నవ్వకే తల్లీ, పదకొండు దాటింది!" బాపు గొంతులో ఏడుపే తక్కువ.

పిల్లలంతా రాళ్లు పక్కకు జరిపి, కలిసి నెట్టారు. టక టక టక! ఆ చప్పుడు అంత తియ్యగా ఎప్పుడూ వినిపించలేదు. కిటికీలోంచి తల బయటపెట్టి నేనూ జై తెలంగాణ అని అరిచాను.

మేం చర్చి మూల తిరిగేసరికి అయ్యగారి ఒక కాలు పెడల్ మీద ఉంది. పెళ్లికొడుకు కొత్త బట్టల్లో సైకిల్ క్యారియర్ పట్టుకుని వేలాడుతున్నాడు. "అయ్యగారూ, జర ఆగుండ్రి! గా టాపెట్ల సప్పుడు మామ కారుదే, నేను మూలకాడికెల్లే ఇన్న!" మమ్మల్ని చూసి సైకిల్ వదిలాడు. బాపు వైపు తిరిగి, "సప్పుడు మంచిగున్నది మామా. సందు ఎవరు వెట్టిన్రు?" అన్నాడు. బాపు గడ్డంతో నన్ను చూపించాడు. నూనెతో నల్లబడ్డ నా చేతులు చూసి పెళ్లికొడుకు నోరు తెరిచాడు, మూయడం మరిచాడు.

ఆపితే మళ్లీ స్టార్ట్ కాదేమోనని బాపు ఇంజిన్ ఆపలేదు. చర్చి గుమ్మం ముందు టకటకలాడుతూనే ఉంది. "ఇష్టమేనా?" అని అయ్యగారు అరిచి అడగాల్సి వచ్చింది. నేనూ ఊరంతా వినేలా అరిచి చెప్పాను, ఇష్టమే అని.