అలిగిన బతుకమ్మ నాటి సంధి

స్పెయిన్ దేశంలో జనం రెండుగా చీలి కొట్టుకుంటున్న రోజుల్లో ఆ యుద్ధాన్ని కామారెడ్డి నుంచి నడిపించింది నేనే. ఆ సంగతి అక్కడి ఫౌజులకు తెలియదు, అంతే.

పగలంతా తహసీలు కచేరీలో గుమాస్తాను. సాయంత్రం సికింద్రాబాదు రైల్లో పత్రిక దిగగానే స్టేషను దగ్గరి పఠనాలయం అరుగు మీద సేనాపతిని. చింతగింజలు పరిచి యుద్ధం చూపించేవాణ్ణి. నల్లవి ఒక పక్షం, పొట్టు తీసినవి ఇంకో పక్షం. ఒక పక్షంలో హుకుం ఇచ్చేవాడు ఒక్కడే, మిగతావాళ్లు నడుస్తారు. రెండో పక్షంలో దళానికో జెండా, జెండాకో వాదం. అడుగు ముందుకు వేయాలంటే ముందు వాళ్లలో వాళ్లకు పొత్తు కుదరాలి. అంత ధైర్యం ఉండీ ఎందుకు వెనక్కి పోతున్నారో అలా విప్పి చెప్పేవాణ్ణి. తిండిగింజలు వచ్చే దారి తెగితే పట్నం ఎన్నాళ్లు నిలుస్తుందో చెప్పేవాణ్ణి. జోక్యం చేసుకోబోమని సంతకాలు పెట్టిన పెద్ద దేశాలే చాటుగా తుపాకులు పంపుతున్న వైనం చెబుతుంటే గొంగళ్ల వ్యాపారి ఒకాయన బీడీ ఆరిపోయినా చూసుకోకుండా వినేవాడు. కచేరీ కాపలావాడి తుపాకీ తప్ప నేను ఇంకో తుపాకీని దగ్గరగా చూసిన పాపాన పోలేదు. అయినా అందరూ జర్నైల్ సాబ్ అనేవారు. అది ఎగతాళి అని తెలియడానికి నాకు చాలా కాలం పట్టింది.

ఆ కాలంలోనే ఎల్లారెడ్డిలో నా భార్య పుట్టిల్లు రెండయింది. ఆమెకు ఒక అన్న, ఒక తమ్ముడు. అత్తమామలు పోయాక ఇద్దరూ పొలం పంచుకున్నారు. ఇంటి నడుమ గోడ పెట్టుకున్నారు. ఉన్న ఒక్క జత ఎడ్లలో తలా ఒకటి తీసుకుని, దానికి జోడీగా ఇంకోటి కొనుక్కున్నారు. మాటలు కూడా బందయ్యాయి. ఇంతలో బతుకమ్మ పండుగ దగ్గర పడింది.

పండుగకు ఆడబిడ్డను తీసుకుపోవడానికి పుట్టింటి నుంచి బండి రావాలి. ఆమె ఎవరి వాకిట్లో బతుకమ్మ పేరిస్తే పుట్టిల్లు వాళ్లదే అని ఊరి లెక్క. ఇద్దరూ కబురు పంపారు. "పెద్దోన్ని నేనున్న, చెల్లె నా ఇంటికే రావాలె" అని అన్న. "అక్క ఆ గడప తొక్కితే మల్ల నా గడప తొక్కద్దు" అని తమ్ముడు. నా భార్యకు అన్నం సయించడం మానేసింది. ఎవరింటికి పోయినా రెండోవాడు పోతాడు. పోకపోతే ఇద్దరూ పోతారు.

"ఎట్ల చేద్దాం?" అని అడిగింది నన్ను. ఇంకెవరినైనా అడిగి ఉంటే బాగుండేది.

చింతగింజలు పరిచాను. రెండు ఫౌజులు ఎదురుపడకూడదు, అదే కదా సూత్రం. మొదటి అయిదు రోజులు అన్న ఇంట్లో. ఆరో నాడు అలిగిన బతుకమ్మ. ఆ రోజు ఎవరూ బతుకమ్మను పేర్చరు, పాడరు, ఆడరు. సుల్హాకు, అదే సంధికి, ఇంతకన్నా మంచి దినం ఉంటుందా? ఆ రోజు ఆమె తమ్ముడి ఇంటికి మారుతుంది, ఆఖరి రోజు పెద్ద పండుగ సద్దుల బతుకమ్మ దాకా అక్కడే. ఈ షరతులు ఇద్దరికీ చెప్పించాను. ఇద్దరి నుంచీ తిరుగు కబురు రాలేదు. నా తెలివికి నోట మాట రాలేదనుకున్నాను. కచేరీలో సెలవుకు రజా పెట్టి, అన్న తెచ్చిన బండిలో నేనూ వెంట పోయాను.

ఆరో నాటి పొద్దున మూట పట్టుకుని నా భార్య అన్న గడప దగ్గరికి వచ్చింది. వదిన గడపకు అడ్డంగా కూర్చుంది. "బతుకమ్మ అలిగిన్నాడు ఆడిబిడ్డను ఇల్లు దాటిస్తరా? అలిగి పోయిందంటరు ఊళ్లె" అని ఏడ్చింది. "సద్దుల బతుకమ్మ వానికి, చిన్న బతుకమ్మలు నాకా?" అని అన్న లేచాడు. ఈ రెండూ నా లెక్కలోకి రాలేదు. ఇంతలో తమ్ముడు బండి కట్టుకొచ్చాడు, గోడ అవతలి నుంచి.

"ఇంత దూరానికి బండెందుకురా?" అన్నాను.

"బండి కట్టకుంటె తోలుకపోయినట్టు కాదు బావా" అన్నాడు.

బండి గల్లీకి అడ్డం పడింది. ఊరు మూగింది. అన్నదమ్ములు ఒకరి చొక్కా ఒకరు పట్టుకున్నారు. నడుమకు పోయిన పెద్ద రాజ్యం, అంటే నేను, వదిన ఆరబెట్టుకున్న గునుగు పూల కుప్పలో వెల్లకిలా పడ్డాను. "కందకు లేని దురద కత్తిపీటకెందుకు బావా" అన్నాడు అన్న, నన్ను లేవదీస్తూనే.

నా భార్య వదినను పక్కకు జరిపి వచ్చి తమ్ముడి బండెక్కింది. వాడి ముఖం వెలిగింది. "కామారెడ్డికి తోలు" అంది.

లింగంపేటలో ఎడ్లకు నీళ్లు తాపడానికి తమ్ముడు దిగాక నా వైపు తిరిగింది. "వాళ్లు పొలం పంచుకున్నరు, ఎడ్లు పంచుకున్నరు. నన్ను పంచుకునేటందుకు వాళ్లకు చేతులు రాలె. ఆ పని మీరు చేసిన్రు" అంది.

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. పొరుగు రాజ్యంతో యుద్ధమైతే సరిహద్దు ఎక్కడుందో తెలుస్తుంది. ఇంటివాళ్ల యుద్ధంలో అది ఇద్దరికీ కావలసిన మనిషి మీదుగా పోతుందని ఏ పత్రికా నాకు చెప్పలేదు. సద్దుల నాడు మా అద్దె వాకిట్లో తంగేడు పూలతో చిన్న బతుకమ్మను పేర్చింది. పాట మాత్రం పాడలేదు. నేను మళ్లీ అరుగెక్కలేదు. స్పెయిన్ వాళ్లు నేను లేకుండానే ఆ యుద్ధం ముగించుకున్నారు.

మరుసటేడు ఆమే కబురు పంపింది. నన్ను సలహా అడగలేదు. "ఇద్దరు ఒక్క బండిల వస్తెనే వస్త. లేకుంటె పుట్టిల్లు లేదనుకుంట."

బతుకమ్మ మొదలయ్యే పెత్రమాసకు ముందు రోజు బండి వచ్చింది. అన్న తోలుతున్నాడు. తమ్ముడు వెనక కాళ్లు వేలాడేసుకుని, వచ్చిన దారి వైపు చూస్తూ కూర్చున్నాడు. దారి పొడుగునా మాట్లాడుకున్నట్టు లేదు. కానీ కాడి కింద ఉన్నది పాత జత, అన్న వాటాది ఒకటి, తమ్ముడి వాటాది ఒకటి.

నా భార్య ముందు ఎడ్ల దగ్గరికి పోయింది. వాటి మెడలు నిమురుతూ ఏడ్చింది. "గోడ గట్లనే ఉండనియ్యుండ్రి. బండి మాత్రం ఏటేట గిట్లనే కట్టుండ్రి" అంది.

అన్న తల ఊపాడు. తమ్ముడు వెనక్కి తిరగకుండానే ఊఁ అన్నాడు. "మీరు నడుమ కూసోండ్రి, ఏం చెప్పకుండ్రి" అంది నాతో. జర్నైల్ సాబ్ మూట నెత్తికెత్తుకుని బండెక్కాడు.