అక్క కడుపులో మా బిడ్డ

నాకు పిల్లలు పుట్టరన్న మాట సూటిగా చెప్పే డాక్టరు దొరకడానికే ఏళ్లు పట్టింది.

పెళ్లయ్యాక మేం దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సు డిపోకి దగ్గరగా ఒక వాటా కిరాయికి తీసుకున్నాం. ఇద్దరివీ నల్లగొండ పక్క పల్లెలే. మా ఆయన సిటీ బస్సు డ్రైవరు. నేను ఉద్యోగ పరీక్షలకు చదివించే ఒక కోచింగ్ సెంటర్లో రిసెప్షన్లో కూర్చునేదాన్ని. పొద్దంతా గర్భాల సంగతి తప్ప ఇంకేదైనా మాట్లాడే మనుషుల మధ్య ఉండడం వల్ల నాకు ఆ ఉద్యోగం ఇష్టంగా ఉండేది.

మొదట చూపించుకున్నది మా వీధి చివరి నర్సింగ్‌హోమ్‌లో. అక్కడి డాక్టరమ్మ చెయ్యి మంచిదని పేరు. నెలసరి బొట్టు బొట్టుగా వచ్చి పోతోందని నేను చెబితే కొందరికి అంతేనంది. ప్రతిసారీ అవే మాత్రలు రాసి టెన్షన్ పెట్టుకోవద్దని పంపేది. ఆ తర్వాత గోడల నిండా పసిపిల్లల బొమ్మలున్న ఒక పెద్ద సెంటరుకు పోయాం. అక్కడ డాక్టరు కన్నా ముందు టై కట్టుకున్న అమ్మాయి మాట్లాడింది. బయట పిండం తయారుచేసి నా కడుపులో పెట్టారు. నిలవలేదు. మళ్లీ పెట్టారు. మళ్లీ నిలవలేదు. మూడోసారి తప్పకుండా అవుతుందని ఆ అమ్మాయి అదే నవ్వుతో చెప్పింది. ఆ రోజు మెట్లు దిగుతూ మా ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. నలుగురిలో ఆయన ఎప్పుడూ అట్లా పట్టుకోలేదు. అది చూసి నాకు ధైర్యం రాలేదు, భయమేసింది.

అప్పటికి తెలంగాణ ఉద్యమం ఇంటింటికీ వచ్చేసింది. మా ఇంటి ఓనరమ్మది గుంటూరు వైపు. ముందు మా ఆయనా ఆమె భర్తా సాయంత్రాలు గేటు దగ్గర నిలబడి గంటలు గంటలు మాట్లాడుకునేవాళ్లు. బంద్‌లు మొదలయ్యాక ఆ మాటలు తగ్గి, తర్వాత తలలూపుకోవడం మాత్రం మిగిలింది. ఓనరమ్మ మాత్రం నాతో మాట్లాడడం మానలేదు. ఒకరోజు నేను బట్టలారేస్తుంటే మేడ మీదికొచ్చి, ఎల్బీ నగర్‌లో తన మేనకోడలికి చూసిన స్పెషలిస్టు ఉందని చెప్పింది. “ఆవిడ ఉన్నదున్నట్టు చెబుతుందమ్మా. వినడానికి కష్టంగానే ఉంటుంది. అయినా ఒకసారి వెళ్లి రా” అంది.

ఆ డాక్టరు పెద్దావిడ. జుట్టుకు రంగు వేసుకోదు. నా పాత రిపోర్టులన్నీ పక్కన పెట్టి, చిన్నప్పుడు పెద్ద జబ్బేదైనా చేసిందా అని అడిగింది. అంతకు ముందు ఎవరూ అడగని ప్రశ్న అది. పదో తరగతిలో దగ్గు, రోజూ సాయంత్రం జ్వరం వచ్చేవని, నల్లగొండ సర్కారు దవాఖానలో టీబీ మందులు ఇస్తే తగ్గిపోయిందని చెప్పాను. ఆమె అది రాసుకుంది. తర్వాతి వారం సన్నటి గొట్టంతో గర్భసంచి లోపల చూసింది. మత్తు దిగాక మమ్మల్నిద్దరినీ కూర్చోబెట్టింది.

“చూడమ్మా, నీ అండాలు బాగున్నాయి. గర్భసంచి లోపల ఉండాల్సిన పొర లేదు. ఆ టీబీ ఎప్పుడో తినేసింది. అక్కడ ఎన్నిసార్లు పెట్టినా ఏదీ నిలవదు.”

మందులేం లేవా అని మా ఆయన అడిగాడు.

“లేవు బాబూ. ఉన్నాయని చెప్పి ఇంకో రెండేళ్లు తిప్పుకోలేను.”

బిడ్డ కావాలంటే ఇంకో ఆడమనిషి మోయాలని అప్పుడే చెప్పింది. సరోగసీ అన్న మాట టీవీలో విన్నాను. అద్దె గర్భం అనేవాళ్లు. విన్నానే గాని అదేమిటో నాకు తెలియదు. ఆ ఆడమనిషికీ మా ఆయనకీ ఏదో సంబంధం ఉంటుందనుకున్నాను. పుట్టిన బిడ్డ ఆమె బిడ్డేననీ, మనం తెచ్చుకుని పెంచుకుంటామనీ అనుకున్నాను. డాక్టరు ఓపిగ్గా చెప్పింది. అండం నాది, బీజం ఆయనది, రెండూ బయట కలుస్తాయి, ఆ కలిసినదాన్ని ఆమె గర్భంలో ఉంచుతారు. తిండీ నెత్తురూ ఆమె ఇస్తుంది. నేను సిగ్గుపడుతూనే బిడ్డకు ఎవరి పోలిక వస్తుందని అడిగాను. మీ ఇద్దరిదేనని చెప్పి, అందరూ ముందు అదే అడుగుతారంది.

ఇంటికొచ్చాక మా ఆయన చొక్కా అయినా మార్చుకోకుండా మంచం మీద కూర్చున్నాడు. డబ్బు తీసుకుని మోసేవాళ్లను ఏజెంట్లు చూసిపెడతారని ఆస్పత్రిలో ఎవరో చెప్పారట. అది ఆయనకు మింగుడు పడలేదు. “ఎవరో పైసలు లేనామె మన బిడ్డను మోసి, కని, చేతులల్ల పెట్టి పోతది. మల్ల ఆమె మొఖం ఎట్ల చూడాలె?” అన్నాడు. ఆ మాట అక్కడే ఆగిపోయింది.

మా అక్క మీర్‌పేట్‌లో ఉంటుంది. బావ ఆటో నడుపుతాడు. ఇద్దరు కొడుకులు. ఒక ఆదివారం అక్క దగ్గరికి పోయి ఉన్నదంతా చెప్పుకుని ఏడ్చాను. నిజంగా ఏడవడానికే పోయాను. అక్క గోంగూర తుంపుతూ వింది. నాకొచ్చిన అనుమానాలే తనకూ వచ్చాయి, అన్నీ అడిగింది. నాకు అర్థమైనట్టు చెప్పాను. గోంగూర అయిపోయాక ఆకుల కాడలన్నీ ఒక పక్కకు తోసి, చేతులు కడుక్కొచ్చింది.

“నేను మోస్త.”

అట్లా అనొద్దన్నాను. ఊరికే అన్నది కాదని తన మొహం చూస్తే తెలుస్తూనే ఉంది. బావ ఒప్పుకోడన్నాను. ఆ సాయంత్రమే బావను అడిగింది. ఆయన ఆటో కడుగుతున్నాడు. గుడ్డ పిండుతూ కొంచెంసేపు ఆలోచించి, “దాని పెయ్యి, దాని ఇష్టం. దానికి లేని భయం నాకెందుకు?” అన్నాడు. మేం దిల్‌సుఖ్‌నగర్‌లో ఎవరికీ చెప్పలేదు. పల్లెలో అక్క అత్తకు అసలే చెప్పలేదు.

నా ఇంజెక్షన్లు, అక్క మాత్రలు మొదలైన కొన్నాళ్లకే పెద్ద సమ్మె వచ్చింది. బస్సులు ఆగిపోయాయి. మా ఆయన పొద్దున్నే దీక్షా శిబిరానికి పోయి గొంతు బొంగురు పోయి వచ్చేవాడు. ఉద్యమం గురించి మాట్లాడినంత సులువుగా కడుపు గురించి మాట్లాడలేకపోయేవాడు. నా అండాలు తీశారు. పిండాలు మంచిగా వచ్చాయన్నారు. అక్క గర్భంలో పెట్టాల్సిన రోజు సరిగ్గా బంద్ పడింది. ఆ రోజు దాటితే కుదరదని డాక్టరు ముందే చెప్పి, తను ఆస్పత్రిలోనే ఉంటానంది.

నేను ముందురోజే మీర్‌పేట్ పోయి ఉన్నాను. బావ ఆటోలో బయలుదేరాం. సాగర్ రోడ్డు ఖాళీగా ఉంది. ఎల్బీ నగర్ చౌరస్తాలో నడిరోడ్డు మీద రాళ్లు పేర్చి పొయ్యిలు పెట్టి అన్నం వండుతున్నారు. వంటావార్పు. పాటలు, డప్పులు. ఒకతను చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు. బంద్ సంగతి తెల్వదా అన్నా అని బావను అడిగాడు. దవాఖానకు పోతున్నామని బావ చెప్పాడు.

“ఎవరికి బాగలేదు?”

“నాకు” అన్నాను. సరిగ్గా అప్పుడే అక్క కూడా “నాకు” అంది.

అతను మా ఇద్దరి మొహాలూ చూశాడు. ఏమనుకున్నాడో, పక్కకు జరిగి దారి ఇమ్మని మిగతావాళ్లకు కేకేశాడు.

ఆ పిండం నిలిచింది. అది తెలిసిన రోజు ఎట్లా సంతోషపడాలో నాకు తెలియలేదు. అద్దంలో చూసుకుంటే నేను ఎప్పటిలాగానే ఉన్నాను. అక్కకు వాంతులు మొదలయ్యాయి. పోపు వాసన పడేది కాదు. ఆటోలు పట్టుకుని రోజూ సాయంత్రం మీర్‌పేట్ పోయి వంట చేసి పెట్టేదాన్ని. తను బకెట్ దగ్గర కూర్చుని కక్కుకుంటుంటే వీపు నిమురుతూ, ఆ వాంతి నాకు రావాల్సిందని కుళ్లుకునేదాన్ని. అక్క బాధపడుతుంటే కుళ్లుకోవడమేమిటని మళ్లీ సిగ్గుపడేదాన్ని. మా ఆయన ఒకరోజు సీతాఫలాలు తెచ్చి, అక్కతో ఒక్క మాటా మాట్లాడకుండా గడప పక్కన పెట్టి వెళ్లిపోయాడు. “మీ ఆయనకు నన్ను జూస్తె సిగ్గయితుంది” అని అక్క నవ్వింది.

స్కానింగ్‌లో గుండె కొట్టుకోవడం కనబడింది. చిన్న చుక్క మినుకు మినుకుమంటోంది. తెర అక్క వైపు తిరిగి ఉంది. అక్క చూడకుండా మొహం పక్కకు తిప్పుకుని, “దీనికి చూపియ్యుండ్రి మేడమ్. దీనిది” అంది. డాక్టరు తెరను నా వైపు తిప్పింది.

తర్వాతి స్కానింగ్‌లో డాక్టరు తెర దగ్గరికి వంగింది. గొట్టాన్ని అటూ ఇటూ జరిపింది. తర్వాత నా వైపు చూసి, అక్క వైపు చూసి, ఎవరికి చెప్పాలో ఆమెకూ తెలియనట్టు మళ్లీ తెర వైపు చూసింది. “గుండె ఆగిపోయిందమ్మా” అంది.

మర్నాడు అక్కను లోపలికి తీసుకుపోయి గర్భసంచి శుభ్రం చేశారు. నేనూ బావా బయట బెంచీ మీద కూర్చున్నాం. మా ఆయన గేటు దగ్గరే నిలబడ్డాడు. నా ఒంట్లో ఏ నొప్పీ లేదు. చుక్క నెత్తురు పోలేదు. బిడ్డ పోయిన తల్లికి ఎక్కడో ఒకచోట నొయ్యాలి కదా, నాకెక్కడా నొయ్యలేదు. అక్కను బయటికి తెచ్చినప్పుడు పెదాలు తెల్లబడి ఉన్నాయి. కళ్లు తెరవగానే నా చెయ్యి కోసం వెతికింది.

“నిలుపుకోలేకపోయిన చెల్లె.”

నీ తప్పేంది అక్కా అన్నాను. డాక్టరు కూడా ఆ మాటే చెప్పింది, కొన్ని పిండాలు ఎక్కడ పెట్టినా అట్లానే ఆగిపోతాయని. అక్క తలూపింది గాని నమ్మలేదు.

అక్కకు టైఫాయిడ్ వచ్చిందని చుట్టుపక్కలవాళ్లకు చెప్పారు. రెండు మూడు రోజులు పోయాక నేను మళ్లీ కోచింగ్ సెంటరుకు పోయాను. ఫీజు కట్టే పిల్లలకు బ్యాచ్ టైములు చెప్పాను. నన్ను ఓదార్చడానికి ఎవరికీ విషయం తెలియదు. అక్కను ఓదార్చేవాళ్లు జ్వరం తగ్గిందా అని అడిగేవాళ్లు. ఆ నెలలోనే సమ్మె కూడా అయిపోయింది. రాష్ట్రం రాలేదు. మా ఆయన మళ్లీ స్టీరింగ్ పట్టుకున్నాడు.

ఫ్రీజ్ చేసి దాచిన మిగతా పిండాలను కొన్నాళ్లకు అక్క గర్భంలోనే పెట్టారు. అవి నిలవలేదు. అక్క మూడోసారి కూడా సిద్ధమైంది. నేను వద్దంటే అలిగి మాట్లాడలేదు. చివరికి డాక్టరే ఆపింది. అక్కకు బీపీ మొదలైందని, ఇద్దరు పిల్లల తల్లి ఒంటితో ఇక ఆడుకోవద్దని అంది. ఇంకెవరినైనా చూసుకుంటారా అని మమ్మల్ని అడిగింది. మా ఆయన నా మొహం చూశాడు. ఆలోచించుకుని వస్తామని చెప్పి లేచాం. మళ్లీ పోలేదు.

తెలంగాణ వచ్చిందన్న రోజు మా సందంతా గులాబీ రంగు పొడితో నిండిపోయింది. మా ఆయన జుట్టంతా రంగుతో వచ్చి గడపలో కూర్చున్నాడు. “వచ్చింది” అన్నాడు. ఆయన అంత సంతోషంగా ఉండి ఎన్నేళ్లయిందో. నేను లోపలికి పోయి నీళ్లు తెచ్చి ఇచ్చాను.

మొన్నామధ్య నాదర్‌గుల్‌లో చుట్టాల ఇంట్లో పిల్లకు మొదటిసారి చీర కట్టించే శారీ ఫంక్షన్ ఉంటే అక్కా నేనూ బావ ఆటోలో పోయాం. దారిలో ఎప్పుడూ లేనిది అక్క ఆ సంగతి ఎత్తింది.

“అది ఆడపిల్లే అనిపిస్తది నాకు.”

ఎట్ల తెలుసని అడిగాను.

“ఇద్దరు పోరలు కడుపుల ఉన్నప్పుడు నాకు పులుపు తినబుద్ధి కాలే. అది ఉన్నప్పుడే అయింది.”

ఆ వారాలన్నీ తలచుకున్నాను. నేనే వండి పెట్టినా, తను పులుపు అడిగినట్టు నాకు గుర్తు లేదు. తను బిడ్డను ఆడపిల్లగా గుర్తుపెట్టుకుంది. నాకు తెరమీది చుక్క మాత్రం ఉంది. అక్క బయటికి చూస్తూ కూర్చుంది.

ఫంక్షన్లో ఎవరో పెద్దామె నా బొట్టూ గాజులూ చూసి, ఎందరు పిల్లలు బిడ్డా అని అడిగింది. లేరని చెప్పాను. అక్క నా పక్కనే ఉంది. ఆమె అక్క వైపు తిరిగి నీకెందరని అడిగింది. అక్క వెంటనే చెప్పలేకపోయింది.