'గచ్చు' అభిమానులు ముగ్గురూ నేనే

ఏడేళ్లుగా నా దగ్గర నాలుగు పోస్టుకార్డులున్నాయి. నాలుగూ కలిపినా కిళ్లీలో వేసే వక్కంత బరువుండవు. అయినా గది మారిన ప్రతిసారీ ముందు మోసింది వాటినే. అవి నాకు రాసినవి కావు. మీకే ఎందుకు చెప్తున్నానంటే, మీరు నన్నెరగరు. ఎరిగినవాళ్ల దగ్గర జోకులేసి తప్పించుకుంటాను. ఇక్కడా వేస్తాను, అలవాటు. తప్పించుకోను, అంతే.

మాకో పత్రిక ఉండేది. పేరు 'గచ్చు'. బందరులో హిప్‌హాప్ పత్రిక అంటే నవ్వొస్తుంది కదా? మాకూ వచ్చేది. ఆ డాన్సులో తలమీద నిలబడి గిర్రున తిరగాలంటే నున్నటి గచ్చు కావాలి. అందుకని ఆ పేరు. ఎడిటర్ శ్రీను బావ. చుట్టరికమేం లేదు. గుడివాడలో జెరాక్స్ షాపు ఉన్నవాణ్ణి పత్రిక పెట్టాలనుకునే ఎవడైనా బావా అనే పిలుస్తాడు. ర్యాప్ పాటలు, డాన్సు స్టెప్పుల బొమ్మలు, గోడలమీద వంకర అక్షరాలు రాయడమెలాగో పాఠాలు, అన్నీ తనే చేత్తో రాసి, జెరాక్స్ తీసి, మధ్యలో పిన్ను కొట్టేవాడు. పంచడం నా పని. అవనిగడ్డ బస్సెక్కి, అక్కణ్ణుంచి నాగాయలంక దాకా టీకొట్లలో, టైలరు షాపుల్లో ఇచ్చి రావాలి. నా ఒళ్లో పత్రికలు, కాళ్ల దగ్గర ఎవరిదో చేపల బుట్ట. దిగేసరికి మా సాహిత్యానికి ఆ వాసన పట్టేది.

బందరులో నెట్ సెంటర్లు వచ్చాక, పత్రికని నెట్‌లో పెడదామన్నది నేనే. ప్రపంచమంతా చదువుతుందన్నాను. నిజానికి నాకు ప్రపంచంతో పనిలేదు. ఆ బస్సుతో విసిగిపోయాను.

తెలుగు అక్షరాలు అప్పట్లో ఆ కంప్యూటర్లలో కనపడేవి కావు. పేజీలు స్కాన్ చేసి బొమ్మలుగా పెట్టాం. బొమ్మ పైనుంచి గీత గీతగా తెరుచుకునేది. తలమీద తిరిగేవాడి ఫొటోలో ముందు పాదాలొచ్చేవి. మొహం వచ్చేలోపు మనం డబ్బు కట్టిన గంట అయిపోయేది. పేజీ అడుగున ఎంతమంది చూశారో చెప్పే అంకె ఒకటి. మొదటి వారం పదకొండు. ఎనిమిది నేను, రెండు బావ. ఆ మిగిలినవాడెవడో దారి తప్పి వచ్చుంటాడు.

రిఫ్రెష్ కొడితే అంకె పెరుగుతుంది. కొట్టాను. వేలు నొప్పెట్టేదాకా కొట్టాను. చూసినవాళ్లు నాలుగు ముక్కలు రాసే చోటు కూడా ఉండేది. అక్కడ ఉయ్యూరు నుంచి ఒక అభిమాని, చిలకలపూడి నుంచి ఇంకొకడు, మొవ్వ నుంచి రాజు అని మరొకడు పుట్టారు. రాజుకి స్పెల్లింగులు రావని కూడా నేనే నిర్ణయించాను, సహజంగా ఉంటుందని.

ఎందుకు చేశాను? బావ సంతోషం కోసమని చాలాకాలం చెప్పుకున్నాను. వినడానికి బాగుంటుంది. కానీ మనిషి సంతోషం కోసం చేసేవాడు ఆ మనిషి సంతోషపడుతుంటే చూపు తిప్పుకోడు కదా? నేను తిప్పుకునేవాణ్ణి.

బావ రాజుకి జవాబు రాశాడు. ఆదివారం పొద్దున గుడివాడ బస్టాండులో కలుద్దాం రమ్మని. నన్నూ రమ్మన్నాడు. వెళ్లాను. నా కోసం నేనే ఎదురుచూస్తూ సిమెంటు బెంచీ మీద కూర్చున్నాను. బావ ఇస్త్రీ చొక్కా వేసుకుని, పాత సంచికలన్నీ ఒక్కోటి చొప్పున పేర్చి, రిబ్బను కట్టి తెచ్చాడు. మొవ్వ వైపు నుంచి మూడు బస్సులొచ్చాయి.

"రాలేదేంట్రా?"

"బాధ్యత లేని మనిషి బావా," అన్నాను.

"అలా అనకు. నాట్ల రోజులు కదా, పనులుంటాయి." రిబ్బను ముడి సరిచేస్తూ అడిగాడు, "ఒరేయ్, నిజంగా అంతమంది చూస్తున్నారంటావా?"

"ఒక్కొక్కటీ దగ్గరుండి చూశాను బావా."

"అయితే ఇక కాగితం ఆపేద్దాం. ఈ కట్ట నీ దగ్గరుంచు. రాజు ఎప్పుడైనా బందరొస్తే ఇవ్వు."

నేనన్న మాటలో ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఇప్పటిదాకా నేనాడిన వాటిలో అంత పెద్ద అబద్ధమూ లేదు.

కాగితం ఆగిపోయింది. పత్రిక చివరి పేజీలో ఉన్న చిరునామా మా ఇంటిదే కాబట్టి మొదటి కార్డు నాకే చేరింది. నాగాయలంకలో అమ్మతో కలిసి చేపలమ్మే నాంచారి అనే అమ్మాయి, ఎడిటర్ గారికి రాసింది. "అండీ, గచ్చు రావడం లేదేంటండీ? టైలరు బాబాయి నెట్‌లో ఉందన్నాడు. మాకు నెట్ లేదండీ. నేనూ పాట రాస్తున్నాను." రెండో కార్డులో, మూడో కార్డులో పాట. అందులో రెండు లైన్లు:

బస్సెక్కితే మా బుట్ట చూసి ముక్కు మూస్తారు
బల్ల ముందు కూర్చుంటే ముల్లు దాకా చప్పరిస్తారు

ఎక్కడివో క్యాసెట్లు విని, చూడని ఊళ్ల వీధుల గురించి రాసుకునేవాళ్లం మేము. మాకు చేరిన అసలైన ర్యాప్ ఇదొక్కటే. చదివిన నిమిషంలోనే తెలిసింది. బావకి చూపిస్తే కాగితం మళ్లీ మొదలవుతుందనీ, ఎందుకు ఆపామన్న ప్రశ్న వస్తుందనీ, నా అంకెలన్నీ బయటపడతాయనీ కూడా తెలిసింది. దాచేశాను. నాలుగో కార్డు చిన్నది. "నా పాట బాగోలేదా అండీ? చెప్తే మారుస్తాను."

దీనికి నా దగ్గర జోకు లేదు. చాలాసార్లు ప్రయత్నించాను.

ఏడాది తిరక్కుండా ఆ సైటూ పోయింది, మాలాంటివాళ్లకి ఉచితంగా ఇచ్చిన చోటంతా ఎత్తేశారు. "చివర్లో నేను సరిగ్గా రాయలేదేమో, అందుకే జనం తగ్గిపోయారు," అని బావ ఇప్పటికీ అంటాడు. నేను ఇప్పటికీ టీ తాగుతూ వింటాను.

పోయిన నెల ఆ రిబ్బను విప్పాను. బావ షాపులో మిగిలిన సంచికలు చెదల పాలయ్యాయి. మొత్తం 'గచ్చు' ఇప్పుడు ఉన్నది ఈ ఒక్క కట్టలోనే, పుట్టని మనిషికి ఇమ్మని బావ కట్టిన కట్టలో. ఇప్పుడు కంప్యూటర్లో తెలుగు చక్కగా కనపడుతోంది. మళ్లీ నెట్‌లో పెడదామని పేజీ పేజీ టైపు చేస్తున్నాను. అన్నిటికన్నా ముందు నాంచారి పాట పెట్టాను, ఆమె పేరుతో, ఒక్క మాటా మార్చకుండా. టైలరు బాబాయికి ఫోన్ చేశాను. ఆమె నాగాయలంకలోనే ఉందట. "బేరమాడితే ఇప్పటికీ పాట కట్టి తిడుతుంది బాబూ," అన్నాడు. అది విని ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

ఇక్కడిదాకా రాసినదాన్ని రెండు కాపీలు జెరాక్స్ తీశాను. ఒకటి ఈ పొద్దున బావ చేతికిచ్చి, చదవకముందే వచ్చేశాను. రెండోది, నాలుగు కార్డులతో సహా, ఈ ఆదివారం అవనిగడ్డ బస్సులో వెళ్తుంది. నేనూ వెళ్తాను. ఆమె తిడితే పాట కట్టి తిడుతుంది కాబట్టి, రాసుకోవడానికి పెన్ను పెట్టుకున్నాను. బావ ఏమంటాడో తెలీదు. ఇంకా ఫోన్ రాలేదు.

ఇది కూడా నెట్‌లో పెట్టి, పేజీ అడుగున మళ్లీ ఆ అంకె పెట్టాను. ప్రస్తుతం ఒకటి. అది నేను. రెండు అయితే, అది మీరు.