బట్టీ గది తాళంచెవి

పలాస నుంచి వజ్రపుకొత్తూరు వెళ్ళే దారిలో, తోటల నడుమ, ఝాన్సీలక్ష్మికి ఒక పాత జీడి బట్టీ ఉంది. భర్త మరణించిన తరువాత ఆమె పిక్కలు కాల్చడం మానివేసి, ఆ షెడ్డును జబ్బుపడిన కుక్కలకు విడిచిపెట్టింది. లారీల కింద కాళ్ళు పోగొట్టుకున్నవి, గజ్జి పట్టినవి, ముసలివయ్యాయని ఇళ్ళ నుంచి తరిమినవి అక్కడికి చేరుతాయి. పెళ్ళిళ్ళలో ఆమె పక్కన కూర్చోవడానికి బంధువులు సంకోచిస్తారు. ఆమె అది గమనించనట్లే ఉండి, తిరిగివచ్చి కుక్కలకు గంజి కాస్తుంది.

ఆ ఉదయం గేటు దగ్గరికి తనంతట తానుగా వచ్చిన గోధుమరంగు కుక్కను చూసి ఆమె కూడా రెండడుగులు వెనక్కు వేసింది. వీపంతా నల్లబడి చర్మం ఊడుతోంది. నోటి నుంచి జొల్లు తీగలుగా కారుతోంది. పశువైద్యురాలు భవ్యశ్రీకి ఫోను చేసింది.

"ముట్టుకోవద్దమ్మా. విడిగా ఉంచండి. టెక్కలి నుంచి ఇప్పుడే బయలుదేరుతున్నాను."

ఇనుప వల తలుపున్న బట్టీ గదిలో గంజి పళ్ళెం పెట్టి ఝాన్సీలక్ష్మి దూరంగా నిలబడింది. కుక్క లోపలికి పోగానే తలుపు లాగి తాళం వేసి, తాళంచెవిని కొంగున ముడివేసుకుంది.

వైద్యురాలి కంటె ముందు ఊరు వచ్చింది. కర్రలతో వచ్చినవారికి ముందు నిలిచినవాడు ఆమె మరిది, ఊరి పెద్దమనిషి మన్మథరావు.

"తలుపు తియ్యి వదినా. అది పిచ్చికుక్క. బడికెల్లే పిల్లలు ఈ దారంటే పోతారు."

"డాక్టరమ్మ వత్తంది. అందాకా ఆగండి."

"డాక్టరమ్మొచ్చి దానికి బొట్టెడతాదేటి?" అన్నాడు వెనుక నుంచి ఢిల్లీశ్వరరావు అనే కుర్రాడు. "రేపు ఎవుడినైనా కరిసిందంటే, ఆడికీ గంజి పోత్తావా అత్తా?"

"ముందు నీకు పోత్తానురా, ఆ నోరు మూతపడతాది."

కొందరు నవ్వారు గాని కర్రలు దించలేదు. వారి భయం అబద్ధం కాదని ఝాన్సీలక్ష్మికి తెలుసు. కర్రలు ఒకసారి లోపలికి వస్తే తక్కిన కుక్కలను కూడా విడిచిపెట్టవని కూడా తెలుసు.

"అయితే నీల్లు పెట్టు," అన్నాడు మన్మథరావు. "తాగిందా, ఎల్లిపోతాం. నేదా, కర్ర పడాల్సిందే."

ఆమె వల బయటి నుంచే గొట్టంతో లోపలి తొట్టి నింపింది. కుక్క కష్టం మీద లేచి వచ్చింది. మూతి వంచింది. నాలుక నీటికి తగిలీ తగలగానే కుయ్యిమని అరిచి వెనక్కు దూకింది.

"సూసినారా! నీల్లంటే బయం!"

గుంపు ఒక్కసారిగా ముందుకు వచ్చింది. ఝాన్సీలక్ష్మి తలుపుకు వీపు ఆనించి నిలబడింది. ఒక కర్ర ఆమె భుజం మీదుగా పోయి వలకు తగిలి మోగింది.

అప్పుడే భవ్యశ్రీ స్కూటరు వచ్చి ఆగింది. ఆమె గుంపును పక్కకు జరిపి, వల దగ్గర కూర్చుని చాలాసేపు చూసింది.

"పెదవులు కాలినట్టు ఊడిపోయాయి. వీపూ అంతే. దీనికి ఎవరైనా ఏదైనా పూశారా? అది తెలియకపోతే, వెర్రి కాదని నేను చెప్పలేను."

"ఇది మనూరి కుక్క కాదు," అన్నాడు మన్మథరావు. "ఎక్కడిదో."

ఆ గొంతు వినగానే లోపల కుక్క తోక నేలను కొట్టింది. మళ్ళీ కొట్టింది.

ఝాన్సీలక్ష్మి చూపు మరిది కుడిచేతి మీద నిలిచింది. వేళ్ళకు గుడ్డ చుట్టి ఉంది. గుడ్డ అంచున చర్మం నల్లగా పొక్కి ఉంది. జీడితొక్కల నూనె తగిలిన చెయ్యి ఎలా ఉంటుందో ఆ ఉద్దానం ప్రాంతంలో తెలియనివారు లేరు. చెదలు పట్టకుండా ద్వారబంధాలకు అందరూ పూసేది ఆ నూనే.

ఆమె ఆ మాట పైకి అనలేదు. కొంగు ముడి విప్పి, తాళంచెవిని అతని చేతిలో పెట్టింది.

"నువ్వే తియ్యి మన్మథా. ముందు దెబ్బ నీదే పడాల."

అతడు తాళంచెవిని చూశాడు. కుక్క పాకుతూ వల దగ్గరికి వచ్చి అతని వైపు మూతి ఎత్తింది. ఊరంతా చూస్తోంది.

"సింగా," అన్నాడు చివరికి కుక్కను చూసి. కర్ర జారవిడిచాడు. "నా తోట కుక్కే. నానే రాసినాను, జీడినూనె. సెదలు పోతాయి గదా, గజ్జి పోదేటనుకున్నాను. మంటకి నాకీసినట్టుంది. రాసిన్నాడే తాడు తెంపుకు పారిపోనాది. సెప్తే నవ్వుతారని..."

"గుమ్మానికి రాసింది కుక్కకి రాసినావేటి మావా!" అన్నాడు ఢిల్లీశ్వరరావు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

భవ్యశ్రీ చేతి తొడుగులు వేసుకుంటూ, కాలిన చోట పూయడానికి కొబ్బరినూనె తెమ్మంది. అనుమానం పూర్తిగా తీరేవరకు కుక్కను విడిగానే ఉంచాలని, ఎవరూ లోపలికి పోరాదని గట్టిగా చెప్పింది. జనం ఒక్కొక్కరే వెనుదిరిగారు.

మన్మథరావు మాత్రం అక్కడే నిలిచి, తాళంచెవిని వదిన వైపు చాచాడు.

ఆమె తీసుకోలేదు.

"నీ కాడే ఉంచు. డాక్టరమ్మ సెప్పేదాకా తియ్యకు. రేపు గంజి సల్లార్చి నువ్వే తేవాల."