పొట్టితాటి మొక్కలకు దుప్పట్లు

జనవరి పద్దెనిమిది, శనివారం. తెల్లవారినా సూర్యుడి జాడ లేదు. గడ్డి మీద మంచు గట్టిపడి చెప్పుల కింద కరకరలాడుతోంది. చలిని వర్ణించడానికి మన భాషలో మాటలకు కొదవ లేదు గాని, పళ్లు టకటక కొట్టుకునేవేళ వాటిలో ఒక్కటీ నోటికి రాదు. అంతటి చలిలో మొక్కల దుకాణం బాబాయి చంకలో పాత దుప్పట్లు ఇరికించుకుని, హోటలు వైపు దొంగలా నడుస్తున్నాడు.

రెండు నెలల కిందట ఆ హోటలు యజమానురాలి ఎదుట ఆయన పెద్ద ఉపన్యాసమే ఇచ్చాడు.

"పొట్టితాటి అంటే అచ్చం నాలాంటిదమ్మా. ఎత్తు ఎదగదు, ఎండకు వాడదు, చలికి చావదు. మెట్లకు అటూ ఇటూ కుండీల్లో పెట్టండి, విసనకర్రలు పట్టుకుని నిలబడ్డ కాపలావాళ్లలా ఉంటాయి."

"ఇవి చలికాలం గట్టెక్కితే హోటలు మొక్కల పనంతా మీదే," అంది ఆవిడ. "లేదంటే ప్లాస్టిక్‌వి తెప్పిస్తాను. వాటికి కబుర్లు చెప్పేవాళ్లు అక్కర్లేదు."

ఆ పని దక్కకపోతే దుకాణం మూసేసి, బావమరిది ఎరువుల కొట్లో తూకం వేయాలి. బావమరిది కింద పని చేయడం కంటే ఎరువుగా మారిపోవడమే గౌరవమని బాబాయి అభిప్రాయం. అందుకే, మంచు పడుతుందని రేడియోలో వినగానే ఆయన ధీమా కాస్తా జారిపోయింది.

"చలికి చావదన్నారుగా?" అంది భార్య, దుప్పట్లు మడతపెడుతూ.

"మొక్క చావదే. నేనే చచ్చేలా ఉన్నాను."

"అయితే ఇవి మీరే కప్పుకోండి."

హోటలు మెట్లకు ఎడమవైపు మొక్కలన్నిటికీ దుప్పట్లు చుట్టి, చాలదన్నట్టు పైన ప్లాస్టిక్ పట్టాలు బిగించేసరికి తెచ్చినవి కాస్తా అయిపోయాయి. కుడివైపు మొక్కలను దేవుడికే వదిలేశాడు.

"జోలపాట కూడా పాడతావా బాబాయ్?" అన్నాడు హోటలు కాపలావాడు.

ఇంటికి చేరగానే జ్వరం ఆయన్నే పట్టుకుంది. మంచు రెండోనాటికే తగ్గి ఎండ కాసినా, పట్టాలు విప్పేందుకు వారం దాకా లేవలేకపోయాడు. లేచి వెళ్లి విప్పితే లోపలంతా ఉక్క, వాసన. కొత్త ఆకు పుట్టే నడిమి మొవ్వను పట్టుకుంటే కుళ్లి మెత్తగా ఊడి చేతిలోకి వచ్చింది. కుడివైపు మొక్కలు మాత్రం మంచు కడిగిన ఆకులతో నిటారుగా నిలబడి ఉన్నాయి.

ఊరి నుంచి తిరిగొచ్చిన యజమానురాలు రెండు వరుసలనూ చూసింది. "అవి బతికాయి, ఇవి చచ్చాయి. ఎందుకని?"

చలి ఎడమవైపు ఎక్కువని చెబుదామనుకున్నాడు. నాలుక ఒప్పుకోలేదు.

"కుడివైపు వాటికి నేను ఏమీ చెయ్యలేదమ్మా. వీటికి సేవ చేశాను."

ఆవిడ చాలాసేపు నవ్వాపుకోలేకపోయింది. "పని మీదే. చచ్చినవాటి చోట కొత్తవి పెట్టండి. దుప్పట్లు మాత్రం ఇంట్లో వదిలి రండి."

ఎన్నో ఏళ్ల తరువాత, రెండో హోటలు కట్టినప్పుడు ఆవిడ మళ్లీ మొక్కలు అడిగింది. మొక్కల బండితో పాటు బాబాయి రాసిన ఈ ఉత్తరం వచ్చింది:

"అమ్మగారికి నమస్కారాలు. పొట్టితాటి మొక్కలు పంపుతున్నాను. ఎండ పడేచోట పెట్టించండి, కుండీల అడుగున నీళ్లు నిలవనివ్వకండి. నాటేటప్పుడు నన్ను పిలవకండి. మోకాళ్ల నొప్పులని అందరికీ చెబుతున్నాను గాని, అసలు సంగతి ఏమిటంటే, వాటిని చూస్తే నా చెయ్యి ఊరుకోదు. ఒక మొక్కను మాత్రం పంపలేదు. మొవ్వ వంకరగా వస్తోంది. అమ్మకానికి పనికిరాదు. సాయంత్రాలు మాట్లాడుకోవడానికి నా దగ్గరే ఉంచుకున్నాను."