హాస్టల్లో తెల్ల పెట్టెలు

యూనివర్సిటీ అమ్మాయిల హాస్టల్లో చీమ చిటుక్కుమన్నా లేచి కూర్చునే వార్డెనమ్మకు, కొత్త వైఫై కోసం గది గదికీ బిగిస్తున్న తెల్ల పెట్టెల మీద మొదటినుంచీ అనుమానమే.

"ఇది మా మాటలు వింటుందా?" అని నిచ్చెన మీదున్న టెక్నీషియన్ను నిలదీసింది.

"దీనికి చెవులెక్కడివమ్మా!" అని నవ్వాడతను. "ఏ ఫోను ఏ గదిలో ఉందో మాత్రం తెలుస్తుంది."

"అంటే ఏ పిల్ల ఎక్కడుందో తెలిసినట్టేగా! ఎవరికి తెలుస్తుంది?"

అతను స్క్రూ బిగిస్తూనే చెప్పాడు. "ఆఫీసులో చూసేవాళ్లకి."

"అయితే ముందు నిచ్చెన దిగు నాయనా."

ఆమె తిన్నగా రిజిస్ట్రారు దగ్గరికెళ్లి, తనకు చెప్పకుండా ఆ వివరాలు ఎవరూ చూడకూడదని పట్టుబట్టింది. ఆయన వెంటనే సరేనన్నాకే పెట్టెలు బిగించనిచ్చింది.

అమ్మాయిలు సంబరపడ్డారు. రిజిస్ట్రారు అంత తేలిగ్గా ఒప్పుకోవడమే ఆమెకు మింగుడుపడలేదు. ఇప్పుడు మేడ ఎక్కేటప్పుడల్లా తన ఫోనును కింద సొరుగులో పెట్టి తాళం వేస్తోంది.